పైరవీతో పోస్టు ఇచ్చారంటూ క్యాట్‌లో కేసు: గడువు ఎప్పటి నుంచి, దరఖాస్తు ఎలా

రాతపరీక్షలో మీకంటే వెనకున్నవాడు నాయకుడి సిఫారసుతో ఇంటర్వ్యూలో గట్టెక్కాడని మీ అనుమానం. పోస్టు కేంద్ర ప్రభుత్వ శాఖదైతే వెళ్లాల్సింది కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కి, అంటే క్యాట్‌కి. అందులో ఉద్యోగం చేస్తున్నవాళ్లే కాదు, నియామకంలో అన్యాయం జరిగిందనే అభ్యర్థులూ కేసు వేయొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ హైదరాబాద్ బెంచే.

ముందు తేదీల లెక్క చూసుకోండి. కేసులో ఎంత బలమున్నా చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 1985 నాటి పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం 21వ సెక్షన్ ప్రకారం తుది ఉత్తర్వు వెలువడ్డాక ఏడాదిలోగా దరఖాస్తు పడాలి. కాగితం చేతికందిన రోజు నుంచి కాకుండా దాని మీదున్న తేదీ నుంచే లెక్కేసుకుంటే నిశ్చింత. నిబంధనల ప్రకారం అప్పీలో వినతిపత్రమో పెట్టి ఉంటే, ఆరు నెలలు జవాబు కోసం చూడాలి. అది రాకపోతే ఆ ఆరు నెలలు ముగిసిన రోజు నుంచి ఏడాది. ఉదాహరణకు 2025 ఏప్రిల్ 5న వినతి ఇచ్చారు, ఉలుకూ పలుకూ లేదు. ఆరు నెలలు అక్టోబర్ 5తో అయిపోతాయి, కాబట్టి 2026 అక్టోబర్ 5 దాకా సమయం. అదే జూలై 20న తిరస్కరిస్తూ ఉత్తర్వు వస్తే 2026 జూలై 20తోనే సరి.

కానీ ఈ ఆరు నెలల వెసులుబాటు నమ్ముకోవద్దనే నా సలహా. సర్వీసు నిబంధనల్లో చోటున్న వినతికే అది వర్తిస్తుంది. బయటి అభ్యర్థికి అలాంటి అప్పీలు సాధారణంగా ఉండదు. మంత్రికొకటి, కార్యదర్శికొకటి అర్జీలు పెడుతూ పోతే గడువు పెరగదని ఎస్.ఎస్. రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. అందుకే ఫలితాల తేదీ నుంచే ఏడాది లెక్కపెట్టుకోండి.

గడువు దాటిందా? ఓఏతో (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అసలు దరఖాస్తు) పాటే జాప్యం మన్నించాలంటూ ఎంఏ (మిసలేనియస్ అప్లికేషన్, అంటే అనుబంధ దరఖాస్తు) కూడా వేయాలి. అది లేకుండా ఓఏ ఒక్కటే వేస్తే ట్రైబ్యునల్ కేసు లోతుల్లోకే వెళ్లదు. ‘ఆరోగ్యం బాగోలేదు’ అని ఒక ముక్క రాస్తే చాలదు. ఏ నెలలో ఏం జరిగిందో, ఎందుకు ఆగారో కాగితాలతో చూపాలి.

ఓఏ ఫారం 1లో ఉంటుంది, ఫీజు 50 రూపాయలు. మొదటి సంపుటిలో ఓఏ, మీరు సవాలు చేస్తున్న ఉత్తర్వు. మిగతా పత్రాలన్నీ రెండో సంపుటిలో. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. లాయర్ని పెట్టుకోవచ్చు, మీరే వాదించుకోనూ వచ్చు. రిజిస్ట్రీ (దరఖాస్తులు తీసుకునే ట్రైబ్యునల్ కార్యాలయం) అభ్యంతరాలు రాసి తిప్పి పంపితే బెంబేలెత్తకండి, సరిచేసి ఇచ్చిన గడువులో మళ్లీ వేయండి.

ప్రతివాదుల జాబితా దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఎవరి ఎంపిక రద్దు కోరుతున్నారో వాళ్లను చేర్చాలి, కనీసం వాళ్ల తరఫున కొందరినైనా. ఫలానా వ్యక్తి దురుద్దేశంతో చేశాడంటే అతన్నీ పేరుపెట్టి చేర్చాలి, లేకపోతే ఆ ఆరోపణ వినరు.

ఆరోపణ రాసే తీరు కూడా ముఖ్యమే. ‘రాజకీయ ఒత్తిడితో ఇచ్చారు’ అనే వాక్యం ఎందుకూ కొరగాదు. ‘రాతపరీక్షలో నాకు 71, అతనికి 58. ఇంటర్వ్యూలో నాకు 4, అతనికి 19. అంతకు వారం ముందు ఫలానా లేఖ వెళ్లింది, నకలు జతచేశాను’ అని రాస్తే కేసు నిలబడే అవకాశం ఉంటుంది. ఆ మార్కులు, ఫైలు నోటింగులు ఆర్టీఐ కింద అడగాలి. జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకు మరో 30 నుంచి 45. ఈ రోజుల్ని ఎవరూ మీ గడువులోంచి మినహాయించరు కనుక ఫలితాలొచ్చిన వారంలోనే అడిగేయండి. ఎంపిక పద్ధతే తప్పనుకుంటే ఆ మాట ముందే చెప్పాలి. ఇంటర్వ్యూకి కిక్కురుమనకుండా వెళ్లి, పేరు రాకపోయేసరికి పద్ధతిని తప్పుపడితే కుదరదని 1995లో మదన్‌లాల్ కేసు తీర్పు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో వివక్ష చూపకూడని కారణాలుగా రాజ్యాంగం 16(2) అధికరణలో మతం, కులం, పుట్టిన చోటు లాంటివి ఉన్నాయి గానీ రాజకీయ అభిప్రాయం అనే మాట లేదు. అందుకే వాదన సమానత్వం గురించిన 14, ఉద్యోగాల్లో సమాన అవకాశం గురించిన 16(1) మీద నడపాలి. పాత పార్టీ సంబంధాల పేరుతో మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుణ్ణి తీసేస్తే అది ఈ అధికరణలకు విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రాష్ట్ర ప్రభుత్వ పోస్టులకు ఇప్పుడు ట్రైబ్యునల్ లేదు, 226 అధికరణ కింద నేరుగా హైకోర్టులో రిట్. అక్కడ చట్టం గీసిన గడువు లేదు, అలాగని తీరిగ్గా వెళితే కొట్టేస్తారు. ప్రమోషన్ తగాదాలో ఆరు నెలలు, మహా అయితే ఏడాదిలో రావాలని సదాశివస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నియామకాలకూ కొలబద్దగా పెట్టుకోండి.

ఏసీబీకో సీబీఐకో ఫిర్యాదు చేశాం, అది తేలాక చూద్దాంలే అనుకునేవాళ్లూ ఉన్నారు. హర్యానాలో 3,206 మంది జేబీటీ (ప్రాథమిక పాఠశాల) టీచర్ల అక్రమ నియామకం జరిగింది 1999-2000లో, ఆ కేసులో మాజీ ముఖ్యమంత్రి ఓంప్రకాశ్ చౌతాలాకు పదేళ్ల శిక్ష పడింది 2013 జనవరిలో. ట్రైబ్యునల్ మీకిచ్చే సమయం ఏడాది.