సరళరేఖలో కదిలే చిన్న మోటారు – 3వ భాగం: కాయిల్ లెక్క, చుట్టే పని

పోయిన భాగంలో అయస్కాంతం వైపు పని పూర్తయింది. కొలతలు మళ్లీ ఒకసారి: మైల్డ్ స్టీల్ కప్పు లోపలి వ్యాసం 26 మి.మీ., లోతు 16, గోడ మందం 4, అడుగు మందం 5. లోపల 20 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం ఉన్న ఎన్35 గ్రేడు నియోడిమియం అయస్కాంతపు బిళ్ల. దాని నెత్తిన అదే వ్యాసంలో 6 మి.మీ. స్టీల్ బిళ్ల. దాని అంచుకీ కప్పు గోడకీ మధ్య చుట్టూ 3 మి.మీ. గ్యాపు. లెక్కలో అక్కడ అయస్కాంత క్షేత్రం 0.7 టెస్లా వస్తుంది గానీ, పక్కదారి పట్టే ఫ్లక్సు (అయస్కాంత ప్రవాహం) పోగా 0.5 అనుకుని మొదలుపెడదాం.

ఈ గ్యాపులోనే కాయిల్ పైకీ కిందికీ జారుతుంది. దాని పొడవును కదలికే నిర్ణయిస్తుంది. మనకు పైకి 4, కిందికి 4 మి.మీ. కావాలి. గ్యాపు ఎత్తు 6, కదలిక 8, కలిపితే 14. చివర్లలో క్షేత్రం ఒక్కసారిగా తెగిపోదు కాబట్టి చెరో 1 కలిపి 16 మి.మీ. ఇంత పొడవుంటే కాయిల్ ఎక్కడున్నా గ్యాపులోని చుట్ల సంఖ్య మారదు, బలమూ మారదు. దీనికి వెల ఉంది: రాగిలో సగానికి పైగా ఎప్పుడూ గ్యాపు బయటే ఉండి వేడి మాత్రమే పుట్టిస్తుంది. ఇంకో ఇబ్బంది, పూర్తిగా కిందికి దిగినప్పుడు కాయిల్‌కీ కప్పు అడుగుకీ మధ్య మిగిలేది 1 మి.మీ. మాత్రమే. అందుకే ఫార్మర్ (చుట్లకు లోపల ఆధారంగా ఉండే గొట్టం) కాగితం కింది అంచు చుట్ల కంటే 0.5 మి.మీ. మించి బయటికి రాకూడదు.

ఇక మందం. 3 మి.మీ. గ్యాపులో లోపలి వైపు 0.4 ఖాళీ, ఫార్మర్ 0.4, చుట్లు 1.4, మిగతా 0.8 బయటి వైపు ఖాళీ. చేత్తో చుట్టిన కాయిల్ ఎక్కడో ఒకచోట ఉబ్బుతుంది, ఆ 0.8ని తగ్గించే ఆశ పెట్టుకోవద్దు.

తీగ 30 గేజి ఎనామిల్ వైరు. మోటార్ వైండింగ్ షాపుల్లో తూకానికి అమ్ముతారు. 50 గ్రాములు తీసుకుంటే రెండు మూడుసార్లు పాడుచేసుకున్నా సరిపోతుంది. గేజి అడిగేటప్పుడు ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజి) అని చెప్పండి. ఆ 30 అంటే 0.315 మి.మీ.; అమెరికన్ 30 గేజి అయితే 0.255 మి.మీ., లెక్కంతా తారుమారు. ఎనామిల్‌తో కలిపి తీగ సుమారు 0.35 మి.మీ. కాబట్టి 16 మి.మీ.లో 44 చుట్లు, 4 వరసలు, మొత్తం 176. సగటు వ్యాసం 23 మి.మీ., ఒక్కో చుట్టు 72.3 మి.మీ., మొత్తం తీగ 12.7 మీటర్లు. రెసిస్టెన్సు 2.8 ఓములు, రాగి బరువు 9 గ్రాములు.

బలం = క్షేత్రం × కరెంటు × గ్యాపులో ఉన్న తీగ పొడవు. 176లో 6/16 వంతు, అంటే 66 చుట్లు గ్యాపులో ఉంటాయి. వాటి పొడవు 4.77 మీటర్లు. 0.5తో గుణిస్తే ఆంపియరుకు 2.4 న్యూటన్లు.

సన్న తీగతో ఎక్కువ చుట్లు వేస్తే బలం పెరగదా? ఆంపియరుకు పెరుగుతుంది, వాటుకు పెరగదు. 36 గేజితో అదే చోట 432 చుట్లు పడతాయి, ఆంపియరుకు 5.9 న్యూటన్లు వస్తుంది, కానీ రెసిస్టెన్సు 18 ఓములకు ఎక్కుతుంది. 2.3 న్యూటన్లకు 36 గేజి దాదాపు 7 వోల్టులు, 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది. 30 గేజి 2.7 వోల్టులు, 1 ఆంపియరు. వేడి రెండింటిలోనూ 3 వాట్లకు అటూ ఇటూ. గేజి అనేది మీ దగ్గరున్న సప్లైకి సరిపెట్టుకునే సంగతే. బలం కావాలంటే రాగి ఘనపరిమాణమో, గ్యాపులో క్షేత్రమో పెరగాలి. ఇక్కడ 30 గేజి తీసుకున్నది చేతికి తెగదని.

చుట్టడానికి 20.8 మి.మీ.కి లేత్ పట్టించిన నైలాన్ కడ్డీ కావాలి. కడ్డీకి కొవ్వొత్తి మైనం రుద్ది, 0.2 మి.మీ. లెదరాయిడ్ పేపరు (వైండింగ్‌లో ఇన్సులేషన్‌కు వాడే గట్టి కాగితం) రెండు చుట్లు అంటించండి. ఇదే ఫార్మర్. అల్యూమినియం గొట్టం వాడాలనిపిస్తుంది, వేడి బాగా లాగుతుంది కూడా. కానీ అది పూర్తి రింగు అయితే కదిలినప్పుడల్లా దానిలోనే కరెంటు తిరిగి బ్రేకు వేస్తుంది. తప్పదనుకుంటే పైనుంచి కిందికి ఒక చీలిక కోయాలి.

తీగ కొస 15 సెం.మీ. వదిలి పై అంచు నుంచి మొదలుపెట్టండి. వరసల సంఖ్య సరి కాబట్టి చివరి కొస కూడా పైకే వస్తుంది. బేసి అయితే ఒక కొస కింద చిక్కుకుని అడుగుకు రాసుకుంటుంది. వరస మారేటప్పుడు తీగ నడిచే వైపు మారుతుంది గానీ, కడ్డీ తిరిగే దిశ ఎప్పుడూ మారకూడదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. వరసకీ వరసకీ మధ్య నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పలచగా రాయండి. ఐదు నిమిషాల రకం కాయిల్ వేడికి మెత్తబడుతుంది.

ఆరాక కొసల ఎనామిల్ గీకి మీటరు పెట్టండి. ప్రోబులు ముట్టించి వచ్చే 0.2, 0.3 ఓములు తీసేస్తే 2.8 దగ్గర ఉండాలి. తర్వాత కాయిల్‌ను గ్యాపులో పెట్టి వేలితో ఆడించండి. కొసలు విడిగా ఉంటే తేలిగ్గా జారాలి, రెండూ కలిపితే తేనెలో కదిలినట్టు బరువెక్కాలి. విడిగా ఉన్నప్పుడూ అలాగే ఉంటే చాలా చుట్లు లోపల షార్ట్ అయ్యాయన్నమాట.

బలం చూడటానికి వంటింటి డిజిటల్ త్రాసు చాలు. త్రాసు మీద 5 సెం.మీ. ఎత్తు చెక్కముక్క పెట్టండి, లేకపోతే అయస్కాంతం త్రాసులోని ఇనుమును లాగి తప్పుడు అంకె చూపిస్తుంది. మోటారును తలకిందులుగా స్టాండుకు బిగించి, కాయిల్ చెక్క మీద ఆనేలా చేసి, త్రాసును సున్నా చేయండి. 500 మిల్లీ ఆంపియర్లకు 120 గ్రాములు రావాలి. 60 వచ్చిందంటే ఒక వరస ఎదురు దిశలో చుట్టారు. 90 అయితే కాయిల్‌ను అనుమానించకండి. అయస్కాంతానికీ స్టీల్ బిళ్లకీ మధ్య జిగురు మందంగా ఉందేమో చూడండి.

1 ఆంపియరు పంపుతూ కాయిల్ మీది వోల్టేజీని కనిపెట్టుకోండి. మొదట 2.8 ఉన్నది 3.4కి చేరిందంటే రాగి 50 డిగ్రీలకు పైగా వేడెక్కింది. గది 30 అయితే కాయిల్ 80 దాటింది. మామూలు ఎన్35 బిళ్ల తట్టుకునే హద్దు అదే. 2 ఆంపియర్లకు వేడి నాలుగింతలు: మొదట్లో సెకనుకు 3 డిగ్రీల చొప్పున పెరుగుతుంది, కాబట్టి పది సెకన్లు దాటనివ్వకండి.

వచ్చే భాగంలో కాయిల్‌ను గ్యాపు మధ్యన నిలబెట్టే పలచటి స్ప్రింగులు. అప్పటికి 0.2 మి.మీ. ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు, పాత లౌడ్‌స్పీకర్ నుంచి తీసిన జడతీగ (జడలా అల్లిన మెత్తటి తీగ) రెండు ముక్కలు దగ్గర పెట్టుకోండి. ఎనామిల్ తీగ కొసలను నేరుగా సప్లైకి కలిపి ఆడిస్తే కాయిల్ అంచు దగ్గరే తెగిపోతాయి.