మూతపడ్డ మాంగనీసు గని చరిత్ర రాయాలనుకుంటున్నారా? ముందు ముసలాళ్ళ దగ్గరికెళ్ళండి

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు తిరిగినవాళ్ళకి నీళ్ళు నిండిన పాత గని గోతులూ, పక్కనే నల్లటి మట్టి దిబ్బలూ కొత్త కాదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఇక్కడ, కోడూరు వైపు. 1892లో దేశం మొత్తమ్మీద తీసింది 674 టన్నులు, 1900 నాటికి అది 92,008 టన్నులైంది, ఆ తొలి ఏళ్ళలో తవ్వకం ముఖ్యంగా మన దగ్గరే. ఇంత జరిగినా చాలా ఊళ్ళలో గని గురించి రాసిపెట్టిన కాగితం ఒక్కటి కూడా కనిపించదు, అందుకే ఎవరో ఒకరు కూర్చుని రాయాలి.

ఆఫీసుల్లో ఉన్న కాగితాలు ఎక్కడికీ పోవు, మనుషులే పోతారు. కాబట్టి గనిలో పనిచేసిన తాతల్ని, మామ్మల్ని ముందు కలవండి. ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు, "నీ పెళ్ళికి ముందా, తర్వాతా?", "పెద్దోడు పుట్టేసరికి గని నడుస్తోందా?" అని అడగండి, లెక్క దానంతటదే తేలుతుంది. తట్టలు మోసిందెవరు, రాయి కొట్టి ఏరిందెవరు, కూలి రోజుకా తట్టకా, సరుకు ఏ స్టేషన్లో వ్యాగన్‌కి ఎక్కించేవారు, ఇవన్నీ అడగాలి. ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మాంగనీసు గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది, దాని తాలూకు కార్డో, పాత పీఎఫ్ చీటీయో ట్రంకు పెట్టెలో ఉందేమో చూడమనండి. ఒంట్లో ఎలా ఉండేదో కూడా తప్పకుండా అడగండి. మాంగనీసు దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలు దెబ్బతిని చేతులు వణకడం, నడక తడబడటం జరుగుతుంది, గనుల చట్టం కింద దాన్ని గని పనివల్ల వచ్చే జబ్బుగా నోటిఫై చేశారు కూడా. అయితే వణుకు ఉన్న ప్రతివాళ్ళకీ గనే కారణమని మీరు తేల్చేయకండి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయండి చాలు.

తర్వాత సర్వే నంబరు. సచివాలయంలో గ్రామ పటం చూసి గొయ్యి ఏ నంబర్లో ఉందో పట్టుకోండి. ఇవి జమీందారీ ఊళ్ళు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సెటిల్‌మెంట్ (భూములు కొలిచి ఎవరివో తేల్చడం) జరిగింది కాబట్టి ఎస్‌ఎఫ్‌ఏ, అంటే అప్పుడు రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగండి, అందులో ఆ భూమి ఎవరి పేరున, ఏ రకంగా నమోదైందో ఉంటుంది.

పాత కాగితాలు వెతికేటప్పుడు ఎక్కువమంది ఆగిపోయేది జిల్లా పేరు దగ్గర. 1950 వరకు చీపురుపల్లి తాలూకా విశాఖపట్నం జిల్లాలో ఉంది, ఆ తర్వాత శ్రీకాకుళంలో, 1979 నుంచి విజయనగరంలో. విజయనగరం పేరుతో మాత్రమే వెతికితే పాతదేదీ దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి కాగితాల్లో విశాఖపట్నం జిల్లాని 'విజాగపటం' (Vizagapatam) అని రాసేవారు. ఊరి పేరు ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్నీ వేసి చూడండి.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నిటి మీదా పెద్ద నివేదిక ఇచ్చాడు. ఇక్కడి రాయికి 'కోడూరైట్' అని మన ఊరి పేరే పెట్టింది ఆయనే. నాకైతే కాగితాల్లో అన్నిటికంటే ముందు చదవాల్సింది ఆ నివేదికే అనిపిస్తుంది. 1948 తర్వాతి వివరాలకి నాగపూర్‌లోని ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్‌కి, ప్రమాదాల రికార్డులకి ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్‌కి సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు పది రూపాయలే. "మా గని చరిత్ర మొత్తం ఇవ్వండి" అంటే ఏదీ రాదు. ఊరు, సర్వే నంబరు, ఖనిజం, ఏయే ఏళ్ళు అని రాసి ఒక్కో దరఖాస్తులో ఒకటి రెండే అడగండి.

ఫోటోలకి వెళ్ళేటప్పుడు ఒక్కరే వెళ్ళొద్దు, వానాకాలంలో అసలొద్దు. తవ్విన అంచు పైకి గట్టిగానే ఉంటుంది, కింద మట్టి కోసుకుపోయి ఉంటుంది. నీళ్ళలోకి దిగకండి, ఆ గోతులు మెట్టు మెట్టుగా తవ్వినవి, ఒక్క అడుగు తేడాలో లోతు మారిపోతుంది.