పాత రెయిన్ జాకెట్‌తోనే ఈ వానాకాలం కూడా

నవంబర్ వానల్లో తలకోన అడవికి వేసుకెళ్లే నా జాకెట్ పైబట్ట నీళ్లు పీల్చడం మొదలుపెట్టింది. అందరూ కొత్తది కొనమన్నారు. లోపలి పొర పొట్టుగా రాలుతుంటే అది నిజమే, కానీ నా దాంట్లో పొర బాగానే ఉంది. చెమట, జిడ్డు పట్టి, నీటిని జార్చే పైపూత పనిచేయడం లేదు, అంతే.

గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా లిక్విడ్ సబ్బు వేసి చేత్తో ఉతికాను. ఫ్యాబ్రిక్ కండిషనర్ అస్సలు వద్దు. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించడమే అసలు పని. నీడన ఆరాక, పైన నూలుబట్ట పరిచి, ఆవిరి లేకుండా తక్కువ వేడితో ఇస్త్రీ చేశాను (లేబుల్ మీద ఇస్త్రీ గుర్తు కొట్టేసి ఉంటే చేయకండి). ఆ వేడికి పూత మళ్లీ పనిలోకి వస్తుంది. చల్లిన నీళ్లు ముత్యాల్లా జారిపోయాయి, భుజాల దగ్గర తప్ప. అక్కడ బ్యాగు పట్టీల రాపిడికి పూత అరిగింది. అక్కడ నీటిని జార్చే, ఫ్లోరిన్ లేని స్ప్రే కొట్టాను. ఫ్లోరిన్ పూతల్లోని పీఫాస్ రసాయనాలు మట్టిలో, నీళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోం ఒప్పందం (ఏళ్ల తరబడి పోని హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో చేర్చారు. తలకోన నీళ్లలోకి అలాంటివి నా బట్టల నుంచి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

జిప్పు రన్నర్ మాత్రం మా వీధి చివర బ్యాగులు కుట్టే అన్న మార్చి ఇచ్చాడు.