డిష్‌వాషర్ నుంచి కాలిన వాసన వస్తోందా? ఏం చూడాలి, ఎలా చూడాలి

అంట్లన్నీ సర్ది, ట్యాబ్లెట్ వేసి, మెషీన్ ఆన్ చేసి హాల్లోకి వచ్చాక వంటింట్లోంచి ఏదో మాడిన వాసన. స్టవ్ చూస్తే ఆపే ఉంది. టెన్షన్ పడే విషయమే. అయినా చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది, వరుసలో వెతికితే దొరుకుతుంది.

1. ముందు కరెంటు ఆపండి

మెషీన్ మీది బటన్ ఒక్కటే నొక్కితే చాలదు, లోపలి బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. గోడ స్విచ్ ఆపి, మెయిన్ బోర్డులో కిచెన్ ఎంసీబీ కూడా దించండి. ఆ తర్వాతే ప్లగ్ మీద చెయ్యి వేయండి. నీళ్ల కుళాయి కట్టేయండి. పొగ వస్తుంటే మెషీన్ తలుపు తీయకండి, గాలి తగిలితే మంట లేస్తుంది. మంటే కనిపిస్తే నీళ్లు పోయకుండా అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి.

పొగ లేకపోతే అరగంట ఆగి తలుపు తీయండి. కొన్ని ప్రోగ్రాముల్లో నీళ్లు 70 డిగ్రీల దాకా కాగుతాయి, ఆవిరి ముఖాన కొడుతుంది.

2. వాసన ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి

మెషీన్ కొన్నది మొన్ననే అయితే, వచ్చేది తారు, రబ్బరు కలిసిన వాసన అయితే కంగారు వద్దు. చప్పుడు తగ్గడానికి టబ్బు చుట్టూ తారులాంటి షీట్లు అతికిస్తారు. అవి మొదటిసారి వేడెక్కినప్పుడు వాసనేస్తాయి, కొన్ని వాష్‌లు అయ్యాక పోతుంది.

మిక్సీలో గట్టి పిండి ఆపకుండా తిప్పితే ఒక ఘాటు వాసన వస్తుంది కదా, అలాంటిదైతే పంపు మోటారును అనుమానించాలి. మాడిన కూర వాసనైతే ఫిల్టర్లో మెతుకులు, నూనె ముద్ద పేరుకుని ఉండొచ్చు. వంటింట్లో చేపలు వండకపోయినా నీచు వాసన వస్తోందంటే మాత్రం వైరు గానీ ప్లగ్ గానీ వేడెక్కుతోందేమో చూడాలి. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

3. ప్లగ్, సాకెట్ చూడండి

ఇది నేను ఆఖర్న చేసి బుద్ధి తెచ్చుకున్న పని. మా ఇంట్లో మూడు రోజులు ఫిల్టర్ కడిగాను, వెనిగర్ పోసి ఖాళీగా తిప్పాను, వాసన పోలేదు. చివరికి సింక్ కింద డబ్బాలు జరిపి టార్చ్ వేసి చూస్తే, సాకెట్ రంధ్రాల్లో ఒకదాని చుట్టూ టీ మరకలా గోధుమ రంగు. ప్లగ్ పిన్నుల్లో ఒకటి నల్లబడి, దాని మొదట్లో ప్లాస్టిక్ కాస్త జారింది. ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పి వైరు బిగించే స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెడితే అది అర చుట్టు తిరిగింది. అంత వదులు!

డిష్‌వాషర్ హీటర్ సుమారు 2000 వాట్లది. 230 వోల్టుల దగ్గర అది 9 యాంపియర్ల దాకా లాగుతుంది. పట్టు వదులైన చోట అంత కరెంటు పోతే అక్కడే కాలుతుంది. ఎంసీబీ పడలేదు కదా అని ధీమాగా ఉండకండి. కరెంటు పరిమితి దాటితేనే అది పడుతుంది, వదులు కనెక్షన్ సంగతి దానికి తెలియదు.

కాబట్టి గీజర్‌కి వాడే 16 యాంపియర్ల సాకెట్టే, అదీ డిష్‌వాషర్‌కి విడిగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. సాకెట్ కాలితే ప్లగ్ కూడా మార్పించండి. నల్లబడ్డ పాత పిన్ను కొత్త సాకెట్‌నూ పాడుచేస్తుంది.

4. టబ్బు అడుగున వెతకండి

కింది ట్రే పూర్తిగా బయటికి లాగండి. అడుగున నల్లటి కడ్డీ చుట్టలా కనిపిస్తే అదే హీటర్. టిఫిన్ బాక్సు మూతో, పాల పీకో జారి దాని మీద పడితే, ఆరబెట్టే సమయానికి కరిగి అతుక్కుంటుంది. కడ్డీ బాగా చల్లారాక చెక్క గరిటెతో మెల్లగా గీకండి. కత్తి వాడొద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఇలాంటి కడ్డీ మెషీన్లు ఎక్కువ కనిపిస్తాయి. అక్కడ చాలా ఇళ్లలో ప్లగ్ ఉండదు, వైరు నేరుగా కలిపేస్తారు కాబట్టి బ్రేకర్ దించాకే చెయ్యి పెట్టాలి. ఇక్కడ మనం కొనేవాటిలో చాలావరకు హీటర్ కంటికి కనపడదు, కింద దాగి ఉంటుంది. అలాంటప్పుడు ఈ అనుమానం దాదాపు వదిలేయొచ్చు.

5. ఫిల్టర్, పంపు

ఫిల్టర్ తిప్పి పైకి తీసి, పాత టూత్‌బ్రష్‌తో వేడినీళ్లలో రుద్దండి. కింద గుంటలో మిగిలిన నీళ్లు స్పాంజితో తోడేసి టార్చ్ వేయండి. చింతగింజ, కరివేపాకు ఈనె, డబ్బా మీది స్టిక్కర్, గాజు పెంకు, ఏదైనా దొరకొచ్చు. గాజు ఉంటుందేమో, చేతికి గ్లౌజు ఉండాలి. నీళ్లు బయటికి తోసే పంపుకు అలాంటిది అడ్డంపడితే మోటారు తిరగలేక గుయ్‌మంటూ వేడెక్కుతుంది. పంపు మూత ఎలా తీయాలో మీ మెషీన్ మాన్యువల్‌లో చూసి, అడ్డం తీసేసి, లోపలి రెక్కల చక్రం వేలితో కదులుతోందో లేదో చూడండి.

6. ఖాళీగా తిప్పి చూడండి

ప్లగ్, సాకెట్ బాగున్నాయని తేలితేనే ఈ పని. గిన్నెలు లేకుండా చిన్న ప్రోగ్రామ్ పెట్టి పక్కనే నిలబడండి. వాసన మళ్లీ వస్తే వెంటనే స్విచ్ ఆపేయండి, రెండోసారి ప్రయత్నించొద్దు. తలుపు పైభాగంలో, బటన్ల దగ్గర వాసన ఎక్కువగా ఉంటే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు కాలి ఉండొచ్చు. అది ఇంట్లో విప్పే పని కాదు, వారంటీ ఉంటే అసలు ముట్టుకోవద్దు.

మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడు ఊరికే వాసన వస్తోందని కాకుండా, ఎప్పుడు వచ్చిందో చెప్పండి. ఆన్ చేసిన వెంటనేనా, నీళ్లు కాగేటప్పుడా, బయటికి పోయేటప్పుడా, ఆరబెట్టేటప్పుడా? దాన్నిబట్టి ఏ పార్టు చేత్తో పట్టుకుని రావాలో ఆయనకు తెలుస్తుంది.