విశాఖ తీరంలో తక్కువ ధరకు పాత టెలిఫొటో లెన్సు ఎంచుకునే పద్ధతి

ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని చూస్తే లంగరు వేసిన ఓడలు కంటికి బాగానే ఆనుతాయి గాని, కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సుతో తీసిన ఫొటోలో అవి నీటి అంచున నల్లని చుక్కలుగా మిగిలిపోతాయి. ఫిషింగ్ హార్బర్ మీద చక్కర్లు కొట్టే గద్దలైనా, కొండకర్ల ఆవ సరస్సులో నిలబడిన కొంగలైనా, దూరపు వాటిని దగ్గరగా చూపే టెలిఫొటో లెన్సు లేనిదే ఫొటోకు అందవు. కొత్త ఆటోఫోకస్ లెన్సు కొనే స్తోమత లేనివారికి, ఫిల్మ్ కెమెరాల కాలంలో తయారై, చేత్తో తిప్పి ఫోకస్ చేయవలసిన లోహపు లెన్సులు మంచి ప్రత్యామ్నాయం. అయితే వాటిని ఎంచుకునేటప్పుడు చాలామంది మొదట కంపెనీ పేరు చూస్తారు. మన ఊరి గాలిలో చూడవలసిన క్రమం అది కాదు. మొదట మీ కెమెరాకు అది సరిగ్గా బిగుస్తుందా, తరువాత దాని లోపలి గాజు ఆరోగ్యంగా ఉందా అన్నవి తేల్చుకోవాలి. పేరు సంగతి ఆ తరువాతే.

బిగింపు సంగతి వివరంగా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. ప్రతి కెమెరా వ్యవస్థలోనూ లెన్సు ఆనే లోహపు వలయానికి (దీన్నే మౌంట్ అంటారు), బొమ్మ పడే సెన్సార్‌కు మధ్య ఒక నిర్ణీత దూరం ఉంటుంది. ఎం42 అనే మరచుట్టు లెన్సులకు ఆ దూరం 45.46 మి.మీ.; నికాన్ ఎఫ్ వ్యవస్థకు 46.5, ఒలింపస్ ఓఎంకు 46, మినోల్టా పాత మౌంట్‌కు 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42 మి.మీ. మీ కెమెరా దూరం లెన్సు దూరం కన్నా తక్కువైతే ఆ తేడాను అడాప్టర్ అనే వలయం పూరిస్తుంది. ఎక్కువైతే లెన్సు సెన్సార్‌కు కావలసినంత దగ్గరగా రాలేదు కాబట్టి దూరపు వస్తువులు ఎన్నటికీ స్పష్టంగా పడవు. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలలో ఈ దూరం చాలా తక్కువ. సోనీ ఇ మౌంట్‌కు 18, నికాన్ జెడ్‌కు 16, కెనాన్ ఆర్ఎఫ్‌కు 20, ఫుజీ ఎక్స్‌కు 17.7 మి.మీ. మాత్రమే. అందువల్ల మిర్రర్‌లెస్ ఉన్నవారికి పైన చెప్పిన పాత లెన్సులన్నీ పనికివస్తాయి.

లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరా ఉన్నవారు మాత్రం జాగ్రత్తపడాలి. కెనాన్ ఈఎఫ్ దూరం 44 మి.మీ. కాబట్టి ఎం42, నికాన్, ఒలింపస్ లెన్సులు పలుచని అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి. అదే కెనాన్ కంపెనీ చేసిన పాత ఎఫ్‌డీ లెన్సులు మాత్రం పనిచేయవు. నికాన్ డీఎస్ఎల్ఆర్‌కు ఎం42 లెన్సు బిగిస్తే కొంత దూరం అవతల ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి మధ్యలో చిన్న గాజు ఉన్న అడాప్టర్లు అమ్ముతారు గాని, ఆ చౌక గాజు మంచి లెన్సు స్పష్టతను కూడా పాడుచేస్తుంది కనుక నేను వాటిని సిఫారసు చేయను. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నవారు 1977 నుంచి వచ్చిన ఏఐ అనే బిగింపు రకపు నిక్కోర్ (నికాన్ సొంత లెన్సుల పేరు) లెన్సులనే వెతకడం మేలు. డి7000, డి7100, డి7200 బాడీలు వీటితో వెలుతురును కూడా కొలుస్తాయి. డి3000, డి5000 వరుసల బాడీలలోనూ డి7500లోనూ ఆ సదుపాయం లేదు కాబట్టి మాన్యువల్ మోడ్‌లో ఒక ఫొటో తీసి చూసి, షటర్ వేగాన్ని మనమే సవరించుకోవాలి. ఏఐకి ముందటి లెన్సును, మార్పు చేయించకుండా, డి7200 వంటి బాడీకి బలవంతంగా బిగిస్తే మౌంట్ అంచున ఉన్న చిన్న మీట విరిగే ప్రమాదం ఉంది.

ఫోకల్ లెంగ్త్ (లెన్సు దూరాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో తెలిపే మి.మీ. అంకె) విషయంలో నా అభిప్రాయం స్పష్టమైనది. మొదటి పాత టెలిఫొటోగా 135 మి.మీ. లేదా 200 మి.మీ. స్థిర (జూమ్ లేని) లెన్సును తీసుకోండి. నికాన్, సోనీ, ఫుజీల ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సార్ మీద 200 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్‌లో (పాత ఫిల్మ్ అంత సెన్సార్ మీద) 300 మి.మీ. చూపినంత దృశ్యాన్నే చూపుతుంది. కెనాన్‌లో అది 320కి సమానం. బీచ్ నుంచి ఓడలకు, కొండకర్లలో పడవ మీద నుంచి తీసే కొంగలకు ఇది చాలినంత. ఫిల్మ్ రోజుల్లో 135 మి.మీ. లెన్సులు చాలా విరివిగా తయారయ్యాయి కాబట్టి చౌకగా దొరికేవి అవే. మనుషుల ముఖాలకు, బీచ్‌లో ఆడుకునే పిల్లలకు, వల లాగే మత్స్యకారులకు అది ఎంతో అనువైనది. పాత జూమ్ లెన్సులలో గాజు పలకలు ఎక్కువ, అంటే బూజు పట్టే చోట్లు కూడా ఎక్కువ. 500 మి.మీ. ఎఫ్/8 అని చెప్పి తక్కువ ధరకు అమ్మే అద్దపు లెన్సులు ఆశ పుట్టిస్తాయి గాని, వాటి ఎపర్చర్‌ను (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని; దాని కొలతే ఎఫ్ అంకె) మార్చలేము, వెనుక ఉన్న వెలుగు చుక్కలన్నీ గారెల్లా మధ్యలో చిల్లుతో కనిపిస్తాయి, చేతిలో పట్టుకుని స్థిరంగా ఫోకస్ చేయడం కొత్తవారికి చాలా కష్టం.

పేర్ల విషయానికి వస్తే, ఎం42లో పెంటాక్స్ వారి సూపర్ టకుమార్ 135 మి.మీ. ఎఫ్/3.5, అదే వంశపు 200 మి.మీ. ఎఫ్/4 నమ్మదగినవి. పెంటాక్స్ 1971లో గాజు మీద మెరుపును తగ్గించే అనేక పొరల కోటింగ్‌ను తెచ్చింది; ముందు వలయం మీద సూపర్ మల్టీ కోటెడ్ అని ఉన్న ప్రతులు సూర్యుడికి ఎదురుగా తీసేటప్పుడు కాంట్రాస్టును (వెలుగునీడల తేడాను) బాగా నిలుపుతాయి, తూర్పు తీరంలో ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. సోవియట్ జ్యూపిటర్-37ఎ 135 మి.మీ. ఎఫ్/3.5లో ఎపర్చర్‌ను మూసే బ్లేడ్లు 12 ఉండడం వల్ల వెనుక మసక గుండ్రంగా, మెత్తగా వస్తుంది. జర్మన్ పెంటకాన్ 135 మి.మీ. ఎఫ్/2.8 గురించి 15 బ్లేడ్ల లెన్సు అని ఎక్కువ ధర చెబుతారు; ఆ మాట ఎపర్చర్‌ను చేత్తో మూసే పాత ప్రీసెట్ రకానికే వర్తిస్తుంది, కెమెరాయే మూసే తరువాతి ఆటో రకంలో ఉండేవి 6 బ్లేడ్లే కాబట్టి డబ్బిచ్చే ముందు లెక్కపెట్టండి. నిక్కోర్ 200 మి.మీ. ఎఫ్/4 ఏఐ లోపల ఐదే గాజు పలకలు ఉంటాయి, తేలిక, గట్టిది. 1987లో కెనాన్ ఈఎఫ్ మౌంట్‌కు మారడంతో ఎఫ్‌డీ లెన్సులు సొంత కంపెనీ కొత్త కెమెరాలకే పనికిరాకుండా పోయాయి. మిర్రర్‌లెస్ ఉన్నవారు ఎఫ్‌డీ 135 ఎఫ్/3.5, 200 ఎఫ్/4లను తప్పక చూడాలి.

ఎం42 లెన్సు వెనుక ఒక సన్నని పిన్ను ఉంటుంది; దాన్ని లోపలికి నొక్కినప్పుడే ఎపర్చర్ మూసుకుంటుంది. టకుమార్ లెన్సులలో ఆటో, మాన్యువల్ మార్చే మీట ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. అటువంటి మీట లేని లెన్సు కొంటే, పిన్నును నొక్కి ఉంచే అంచు గల అడాప్టర్‌నే అడిగి తీసుకోవాలి, లేకపోతే లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. చేతిలో ఉన్న మొత్తంలో మూడింట రెండు వంతులు మాత్రమే లెన్సుకు కేటాయించి, మిగిలినది అడాప్టర్‌కు, లెన్సు మీద ఎండ పడకుండా ఆపే హుడ్‌కు, గాలి చొరని డబ్బాకు ఉంచుకోవడం నేను పాటించే పద్ధతి.

ఇప్పుడు అసలు పరీక్ష. నేను కొన్న మొదటి 135 మి.మీ. లెన్సు పైకి కొత్తదానిలా మెరిసింది. అమ్మిన వ్యక్తి దాన్ని గది వెలుతురులో చూపించాడు, నేను కూడా అలాగే చూసి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి టార్చి వేసి చూస్తే మధ్య పలక మీద సాలెగూడు వంటి తీగలు కనిపించాయి, ఆ వానాకాలం గడిచేసరికి అవి అంచు దాకా పాకాయి. ఆ రోజు నుంచి టార్చి లేకుండా ఏ లెన్సునూ చూడలేదు, మీరు కూడా చూడవద్దు. ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనుక వైపు నుంచి ఫోన్ టార్చిని కొంచెం ఏటవాలుగా వేసి, ముందు నుంచి లోపలికి చూడాలి. తరువాత లెన్సును తిప్పి అదే పని మళ్లీ చేయాలి. టార్చి వెలుగు నేరుగా కంట్లో పడకూడదు.

ఆ వెలుగులో కొద్దిపాటి ధూళి కనిపించడం సహజం, దానివల్ల ఫొటోకు నష్టం లేదు. వేళ్లలా కొమ్మలు వేసిన తెల్లని తీగలు కనిపిస్తే అది బూజు. బూజు స్రవించే ఆమ్లం కోటింగ్‌ను, ఆ తరువాత గాజును తింటుంది కాబట్టి, తుడిచినా మచ్చ మిగిలిపోవచ్చు. పాలు కలిపినట్టు గాజంతా మసకగా ఉంటే అది గ్రీజు ఆవిరి పేరుకోవడం వల్ల కావచ్చు, మంచి మెకానిక్ శుభ్రం చేయగలడు, కాని ఆ ఖర్చును ముందే ధరలోంచి తగ్గించి అడగాలి. అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల్లో బుడగలాంటిది కనిపిస్తే, అతికించిన రెండు పలకలు విడిపోతున్నాయని అర్థం. అటువంటి లెన్సును ఎంత తక్కువకు ఇచ్చినా వదిలేయండి. ముందు గాజు మీద ఒక సన్నని గీత ఉండడం అంత నష్టం కాదు, వెనుక గాజు మీద గీత ఉంటే మాత్రం ఫొటోలో తెలుస్తుంది. ఎపర్చర్ వలయాన్ని తిప్పుతూ బ్లేడ్లు పొడిగా, చురుకుగా కదులుతున్నాయో లేదో చూడండి. నూనె మరకలుంటే అవి అతుక్కుపోయే రోజు వస్తుంది. ఫోకస్ వలయం ఒక చివర నుంచి మరో చివరకు ఒకే బిగువుతో తిరగాలి. మధ్యలో ఇసుక కరకరలాడినట్టు అనిపిస్తే ఆ లెన్సు ఇంతకుముందు ఏదో బీచ్‌లో పడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొనేవారు టార్చి వేసి తీసిన ఫొటోలు పంపమని అడగాలి, పంపనంటే అక్కడితో ఆగిపోవాలి.

లెన్సు చేతికి వచ్చాక, వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే, ఒక ఉదయం ఏడు గంటలలోపు ఆర్కే బీచ్‌కు వెళ్లండి. ఎండ ఎక్కితే ఇసుక మీది వేడిగాలి అలల్లా కదిలి ఎంత మంచి లెన్సు తీసిన ఫొటోనైనా మసకబారుస్తుంది, అప్పుడు తప్పు లెన్సుదో గాలిదో తేలదు. దక్షిణంగా డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ వైపు తిప్పి, ఫోకస్ వలయాన్ని అనంతం గుర్తు (∞) దగ్గర ఉంచి, తెర మీద పెద్దది చేసి చూడండి. గుర్తుకు చేరకముందే లైట్‌హౌస్ స్పష్టంగా వచ్చి, గుర్తు దగ్గర కొంచెం మసకబారితే అడాప్టర్ కాస్త పలుచన అన్నమాట, దానితో ఇబ్బంది లేదు. చివరిదాకా తిప్పినా స్పష్టత రాకపోతే అడాప్టర్‌ను మార్చాలి. పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌తో ఒకటి, ఎఫ్/5.6తో ఒకటి, ఎఫ్/8తో ఒకటి తీసి పోల్చండి. తెల్లని కొంగ రెక్కల అంచున లేదా తెల్లటి పడవ అంచున ఊదా రంగు గీత కనిపించడం పాత టెలిఫొటోలకు సహజమే, ఎపర్చర్‌ను కొంత మూస్తే చాలావరకు తగ్గుతుంది. సముద్రం మనకు తూర్పున ఉంది కాబట్టి ఉదయం ఓడలన్నీ సూర్యుడి వైపే ఉంటాయి, ఆ దిశలో ఫొటో పాలిపోతే లోతైన హుడ్ వాడాలి. ఓడల రంగులు కావాలంటే సూర్యుడు మన వెనక్కి చేరిన సాయంత్రం రావాలి. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి టెలిఫొటోతో సూర్యుడిని ఎన్నడూ చూడవద్దు, కన్ను శాశ్వతంగా దెబ్బతింటుంది.

మిర్రర్‌లెస్ కెమెరా ఈ లెన్సును గుర్తించదు కనుక, మెనూలో లెన్సు లేకుండా షటర్ పనిచేసే వీలును ఆన్ చేయాలి. బాడీలో చేతి వణుకును సరిచేసే స్థిరీకరణ ఉంటే ఫోకల్ లెంగ్త్‌ను చేత్తో నమోదు చేయాలి. స్థిరీకరణ లేనివారు 200 మి.మీ. లెన్సుకు ఏపీఎస్-సీ బాడీ మీద సెకనులో 320వ వంతు కన్నా నెమ్మదైన వేగం వాడకపోవడం మంచిది. ఎగిరే గద్దను వలయం తిప్పుతూ వెంటాడడం కష్టం. అది మళ్లీ మళ్లీ దాటే చోటుకు ముందే ఫోకస్ చేసి ఉంచి, అక్కడికి రాగానే నొక్కడం హార్బర్‌లో నాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది.

ఇంటికి రాగానే బయటి లోహాన్ని నీటితో కొద్దిగా తడిపి పిండిన బట్టతో తుడిచి, ఆరనిచ్చి, ఉప్పు తీసేయాలి. రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచితో పాటు, తేమను చూపే చిన్న మీటర్‌ను పెట్టి, అంకె 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. రంగు మారిన సిలికా జెల్‌ను వంటకు వాడని గిన్నెలో సన్న మంట మీద వేడిచేస్తే మళ్లీ పనికివస్తుంది. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కు వెళ్లేటప్పుడు లెన్సును సంచిలోంచి వెంటనే తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది కాబట్టి, సంచి మూసి ఉంచి, లోపలి చల్లదనం పోయేవరకు అరగంట ఆగండి. మూత లేని టెలిఫొటోను ఎండ పడే కిటికీలో వదిలితే భూతద్దంలా పనిచేసి నిప్పు పుట్టించగలదు. ఇప్పటికే బూజు పట్టిన పాత లెన్సు ఇంట్లో ఉంటే దాన్ని వేరే డబ్బాలో ఉంచండి.