హెచ్‌ఐవీ శిక్షణకు నిధులు అడిగేటప్పుడు

నా మొదటి ప్రతిపాదనలో ఫీజులు, హాస్టల్ ఖర్చు తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చింది. ముందు ఖాళీ పోస్టులు లెక్కపెట్టండి: నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, కౌన్సెలర్లు ఎక్కడ ఎందరు తక్కువో. సీట్ల సంఖ్య ఆ తర్వాతే.

2010లో మొదలైన మెపి (ఆఫ్రికాలో వైద్యవిద్యను బలపరిచే అమెరికా పథకం) కింద అమెరికా సుమారు 13 కోట్ల డాలర్లు ఆఫ్రికా విశ్వవిద్యాలయాలకే నేరుగా కేటాయించింది. నాకు నచ్చిన పద్ధతి అదే. అధ్యాపకుల జీతాలతో పాటు, క్లినిక్‌లో నేర్పే సీనియర్ నర్సుకు భత్యం తప్పక అడగండి. హెచ్‌ఐవీ పరీక్షకొచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలో విద్యార్థి నేర్చుకునేది ఆమె పక్కన నిలబడే.

కోర్సు నాలుగేళ్లు, గ్రాంటు మూడేళ్లే అయితే విద్యార్థులకు చివరి ఏడాదంతా టెన్షనే. ఆ ఫీజు ఎవరు కడతారో ముందే సంతకంతో రాయించుకోండి.