హైదరాబాదు నుంచి దూరదేశ విహారం: గే ప్రయాణికులు చోటు ఎంచుకునే తీరు

విదేశంలో పది పదిహేను రోజులు గడిపి రావాలనుకునే గే ప్రయాణికుడు ఇంటర్నెట్ తెరిస్తే ముందుగా కనిపించేవి ‘మనకు అనువైన దేశాలు’ అనే జాబితాలే. వాటిలో చాలావరకు పాశ్చాత్య దేశాల పాస్‌పోర్టు ఉన్నవారి కోసం, అంటే వీసా గొడవ అంతగా లేనివారి కోసం, స్వదేశంలోనే పెళ్లి నమోదు చేసుకోగలిగినవారి కోసం తయారైనవి. మన సంగతి వేరు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ బెడద తొలగింది గాని, 2023 అక్టోబరు 17న అదే కోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. కాబట్టి ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కాపురం చేస్తున్న జంట అయినా, వీసా కాగితాల మీద ఇద్దరు అవివాహితులుగానే మిగులుతుంది. చోటు ఎంపికలో ఈ విషయాన్ని మొదటినుంచీ లెక్కలోకి తీసుకోవాలి.

దేశం పేరుతో మొదలుపెట్టకుండా, ఈ సెలవులో కావలసినదేమిటో ముందు తేల్చుకోవడం మంచిది. సముద్రమా, అడవి జంతువులా, మహానగరమా, పాత కట్టడాలా అన్నది తేలితే, దాదాపు ప్రతి ముచ్చటకూ ఒకటి కాకపోతే ఇంకో దేశం దొరుకుతుంది. మన కొత్త దంపతులు వరసకట్టి వెళ్లే మాల్దీవుల్లో స్వలింగ సంబంధం నేరం. జైలుతో పాటు కొరడా దెబ్బల శిక్ష కూడా చట్టంలో ఉంది. రిసార్టు ద్వీపాల్లో ఎవరూ పట్టించుకోరని చెప్పేవారుంటారు, అది చాలావరకు నిజమే కావచ్చు, కానీ లక్షలు పోసి వెళ్లి ఎవరో పట్టించుకోకపోవడం మీద ఆధారపడి నిద్రపోవడం నా దృష్టిలో సెలవు కాదు. అదే నీలి సముద్రం, అదే తెల్లటి ఇసుక సీషెల్స్‌లో ఉన్నాయి. అక్కడ 2016లోనే ఆ నేరాన్ని చట్టం నుంచి తీసేశారు. మారిషస్‌లో 2023 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆ పాత సెక్షన్‌ను కొట్టివేసింది. భారతీయులు ఈ రెండు చోట్లకూ ముందుగా వీసా తీసుకోనక్కరలేదు.

సఫారీ విషయమూ ఇంతే. మసాయి మారా అనగానే అందరికీ కెన్యా గుర్తుకొస్తుంది గాని, అక్కడ పద్నాలుగేళ్ల దాకా శిక్ష వేయగల చట్టాన్ని 2019లో హైకోర్టు సమర్థించింది. టాంజానియా చట్టం ఇంకా కఠినమైనది. అదే 2019లో బోట్స్‌వానా హైకోర్టు ఆ నేరాన్ని రద్దు చేయగా, 2021లో అప్పీలు కోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. అంటే ఏనుగుల మందలు చూడాలన్న కోరికకు బోట్స్‌వానాలో ఒకవాంగో డెల్టా ఉంది, దక్షిణాఫ్రికాలో క్రూగర్ అభయారణ్యం ఉంది. ప్రత్యామ్నాయం లేనివీ కొన్ని ఉంటాయి. పిరమిడ్లు ఈజిప్టులోనే చూడాలి. అలాంటి చోటికి వెళ్లాలో వద్దో నిర్ణయించుకోవడానికి చట్టాన్ని కాస్త లోతుగా చదవాలి.

ఈజిప్టే దానికి ఉదాహరణ. అక్కడి చట్టంలో స్వలింగ సంబంధం అనే మాట లేదు. కానీ 1961 నాటి ఒక చట్టంలోని ‘దుర్నడత’ అనే నేరం కింద పోలీసులు దశాబ్దాలుగా అరెస్టులు చేస్తున్నారు, డేటింగ్ యాప్‌లలో మారుపేరుతో పరిచయం చేసుకుని వలపన్నిన కేసులు కూడా ఉన్నాయి. అందువల్ల ‘నేరం కాదు’ అని ఏదో పటంలో లేత రంగు వేసి ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. చట్టంలో ఏమి రాసి ఉంది, దాన్ని ఎవరి మీద ఎలా వాడుతున్నారు, గాలి ఎటు వీస్తోంది అనే మూడింటినీ విడివిడిగా చూడాలి. మూడోదాన్ని మనవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. కరీబియన్ దేశమైన ట్రినిడాడ్‌లో 2018లో కోర్టు రద్దు చేసిన నేరాన్ని 2025 మార్చిలో పై కోర్టు తిరిగి నిలబెట్టింది. రష్యా సుప్రీంకోర్టు 2023 నవంబరులో స్వలింగ హక్కుల ఉద్యమం మొత్తాన్నీ తీవ్రవాదంగా ముద్రవేసింది. జార్జియా దేశం 2024లో ‘కుటుంబ విలువల’ పేరుతో స్వలింగుల హక్కులను కుదించే కొత్త చట్టం తెచ్చింది. ఇండొనేసియా 2022 డిసెంబరులో ఆమోదించిన కొత్త శిక్షాస్మృతిలో పెళ్లితో నిమిత్తం లేని లైంగిక సంబంధాన్ని, జీవిత భాగస్వామో తల్లిదండ్రులో పిల్లలో ఫిర్యాదు చేస్తే నేరమయ్యేలా మార్చింది. బాలికి టికెట్లు కొనేముందు ఆ సంగతి చదవాలి. ఇల్గా వరల్డ్ సంస్థ దేశాలవారీగా చట్టాలను నమోదు చేస్తుంది, బ్రిటన్, కెనడా ప్రభుత్వాలు తమ ప్రయాణ సలహాల్లో ఈ విషయానికి ప్రత్యేకంగా చోటు ఇస్తాయి. వాటిని చదివి, ఆ దేశపు పత్రికల్లో గత ఆరు నెలల వార్తలు కూడా వెతికితే సరిపోతుంది.

చట్టం అనుకూలంగా ఉందని తేలాక చూడవలసింది రోజువారీ మర్యాద. ఊరేగింపుల ఫొటోలు, ఇంద్రధనుస్సు జెండాలు దీనికి కొలత కావు. రాత్రి పదిన్నరకు అలసిపోయి హోటల్ కౌంటర్ దగ్గర రెండు పాస్‌పోర్టులు పెట్టినప్పుడు అవతలి మనిషి ఏమి చేస్తాడన్నదే కొలత. దాన్ని ముందుగానే పరీక్షించవచ్చు. గది బుక్ చేసిన తరువాత హోటల్‌కు ఒక ఈమెయిల్ రాయండి: ‘మేమిద్దరం మగవాళ్లం, జంటగా వస్తున్నాం. ఒకే పెద్ద మంచం ఉన్న గది తీసుకున్నాం. దయచేసి దాన్ని రెండు మంచాల గదిగా మార్చవద్దు.’ ‘అలాగేనండి, బుకింగులో రాసిపెట్టాం’ అని జవాబు వస్తే ఆ సంగతి అక్కడితో ముగిసినట్టే. ‘మీ సౌకర్యం కోసం రెండు మంచాల గది సిద్ధం చేస్తాం’ అని వస్తే, అది మర్యాదగా చెప్పిన నిరాకరణ. జవాబే రాకపోతే ఇంకో హోటల్ చూసుకోవాలి. ఉచితంగా రద్దు చేసుకునే గడువు దాటకముందే ఈ ఉత్తరం వెళ్లాలన్నది మరవకూడదు. స్వలింగ సంబంధం నేరమైన దేశాల్లోని హోటళ్లకు మాత్రం ఇలాంటి ఉత్తరం రాయనే కూడదు. అది ఒక లిఖిత సాక్ష్యంగా మిగులుతుంది.

ఆడవారి సంగతి కొంత భిన్నంగా ఉంటుంది. ఇద్దరు స్త్రీలు ఒకే గది తీసుకుంటే చాలా దేశాల్లో ఎవరూ రెండోసారి చూడరు గాని, వీధిలో ఆకతాయిల వేధింపు మగ జంటకు ఎదురయ్యేదానికంటే ఎక్కువ కావచ్చు. కాబట్టి వారు చట్టం ఎంత చదువుతారో, రాత్రిపూట రవాణా ఎలా ఉంటుందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

ఇక వీసా. జంటలో ఎవరి దరఖాస్తు వారిదే. బ్యాంకు స్టేట్‌మెంటు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు సెలవు పత్రం ప్రతి ఒక్కరికీ విడిగా బలంగా ఉండాలి. ఒకరి ఖర్చు మరొకరు భరిస్తుంటే ఆ మాట స్పష్టంగా రాసి, సంతకం చేసిన లేఖ జతచేయాలి. విడివిడి దరఖాస్తులలో ప్రయాణ తేదీలు, హోటల్ వివరాలు అక్షరం పొల్లు పోకుండా సరిపోలాలి. ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు, ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికి దరఖాస్తు చేయాలి, కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా ఉండాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు తీసుకుంటారు. వీసా ఒకటే అయినా ఐరోపా అంతా ఒకటే అనుకోకూడదు. నెదర్లాండ్స్ 2001లో ప్రపంచంలోనే మొదటగా స్వలింగ వివాహాన్ని అనుమతించింది, స్పెయిన్ 2005లో, గ్రీసు 2024లో అనుమతించాయి; అదే వీసాతో వెళ్లగలిగే హంగరీ మాత్రం 2025లో ప్రైడ్ అనే స్వలింగుల ఊరేగింపులను నిషేధించే చట్టం చేసింది.

చేరే దేశం ఎంత మంచిదైనా, దారిలో తగిలే దేశాన్ని కూడా చూడాలి. హైదరాబాదు నుంచి దూర ప్రయాణాలు చాలావరకు దుబాయి, దోహా, అబుధాబిల మీదుగానే సాగుతాయి. ఆ దేశాల్లో స్వలింగ సంబంధం నేరమే అయినా, విమానాశ్రయం దాటి బయటికి రాని ప్రయాణికుడికి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కంతా విమానం రద్దయినప్పుడు, లేదా పద్దెనిమిది గంటల ఆగుదలకు విమాన సంస్థ హోటల్ ఇచ్చినప్పుడు వస్తుంది. ఇమ్మిగ్రేషన్ గేటు దాటిన క్షణం నుంచి ఆ దేశపు చట్టమే మనకు వర్తిస్తుంది. అందుకే కనెక్షన్ సమయం మూడు నాలుగు గంటలకు మించకుండా చూసుకోవడం, తప్పనిసరైతే విడి గదులో రెండు మంచాల గదో అడగడం, ఫోన్‌లోని డేటింగ్ యాప్‌లను ఆ మజిలీ దాటేవరకు తీసేయడం మంచిది. వీలుంటే హైదరాబాదు నుంచి నేరుగా లండన్‌కో ఫ్రాంక్‌ఫర్ట్‌కో వెళ్లి అక్కడ మారవచ్చు. తూర్పు వైపుకైతే సింగపూర్ ఉంది, అక్కడ పాత 377ఎ సెక్షన్‌ను 2022లో పార్లమెంటు రద్దు చేసింది. ఆఫ్రికా వెళ్లేవారికి ఇంకో కాగితం పని కూడా ఉంది. ఇథియోపియా, కెన్యా విమానాశ్రయాల్లో పన్నెండు గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ టీకా పత్రం అడుగుతుంది. ఆ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, వేయించుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుబాటవుతుంది.

విదేశీ మార్గదర్శకాల్లో ఎక్కడా కనిపించని బెడద ఒకటుంది: తెలిసినవాళ్లు ఎదురుపడటం. తమ ఇళ్లలో ఇంకా చెప్పుకోని తెలుగువారిలో చాలామందికి పరాయి దేశపు పోలీసు కంటే పిన్నిగారి అల్లుడంటేనే ఎక్కువ భయం. డాలస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్, సిడ్నీలలో చట్టం ఎంత అండగా ఉన్నా, ‘మా ఊరికొచ్చి హోటల్లో దిగుతారా’ అని ఇంటికి లాక్కెళ్లే బంధువు ఒకరైనా ఉంటారు. మారిషస్‌లో అక్కడే పుట్టి పెరిగిన తెలుగువారున్నారు, ఉగాదికి ప్రభుత్వ సెలవు కూడా ఇస్తారు; కానీ వారికీ మన చుట్టాలకూ రాకపోకలు తక్కువ కాబట్టి ఆ బెంగ అక్కరలేదు. తెలుగు వంటవాడితో సహా బయలుదేరే గ్రూపు టూర్లు భోజనానికి హాయి గాని, గదులు పంచేటప్పుడు మొదలయ్యే ‘ఇంకా పెళ్లి కాలేదా బాబూ’ విచారణ బస్సు దిగేవరకు ఆగదు. ఇంట్లో తెలియకూడదనుకునేవారు ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్లడం, ఫొటోలు తిరిగొచ్చాకే పెట్టడం, ఇతరులు ట్యాగ్ చేయకుండా ఫోన్‌లో కట్టడి చేసుకోవడం మంచిది. దీనికి భిన్నంగా, మనలాంటి మనవాళ్లను కలవాలనుకునేవారికి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం ఉంది; దక్షిణాసియా వారి కోసం 1986లో మొదలైన త్రికోణ్ సంస్థ అక్కడే పుట్టింది.

ఇవన్నీ జల్లెడ పట్టాక మొదటి దూర ప్రయాణానికి ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను తైవాన్ పేరే చెబుతాను. 2019 మే 24 నుంచి అక్కడ స్వలింగ వివాహం చట్టబద్ధం. ఆసియాలో అదే మొదటి దేశం. తైపేలో షిమెన్‌డింగ్ దగ్గరి రెడ్ హౌస్ వెనుక ఆరుబయట బల్లలు వేసిన చిన్న గే బార్లు వరసగా ఉంటాయి, పక్క వీధిలో మామూలు కుటుంబాలు పిల్లలతో తిరుగుతుంటాయి, ఎవరి పని వారిది. రాత్రిపూట మెట్రోలో భయం ఉండదు. బౌద్ధుల శాకాహార భోజనశాలలు వాడవాడలా ఉండటం వల్ల మాంసం ముట్టనివారికీ ఇబ్బంది లేదు, అయితే అన్నంలోకి కారం మాత్రం మన సంచిలోంచే తీయాలి. అక్టోబరు చివర ప్రైడ్ ఊరేగింపు జరిగే సమయానికి తుఫానుల ఉధృతి తగ్గుముఖం పట్టి వాతావరణం కూడా బాగుంటుంది. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వంటి వీసాలు ఉన్న భారతీయులకు ఆన్‌లైన్‌లో ఉచిత అనుమతిపత్రం దొరికే వీలుంది, లేనివారు చెన్నైలోని తైపే కార్యాలయం ద్వారా వీసా తీసుకోవచ్చు.

కేప్‌టౌన్ అందం వేరు. స్వలింగులపై వివక్షను రాజ్యాంగంలోనే నిషేధించిన మొదటి దేశం దక్షిణాఫ్రికా, 2006 నుంచి వివాహమూ ఉంది, మనకు చలికాలమైనప్పుడు అక్కడ వేసవి. డి వాటర్‌కాంట్ పేటలో బస చేస్తే జంటగా తిరగడానికి ఏ సంకోచమూ అక్కరలేదు గాని, దొంగతనాలు, దోపిడీలు ఎక్కువైన నగరం కాబట్టి చీకటిపడ్డాక నాలుగు అడుగుల దూరానికైనా కారు పిలుచుకోవాలి. స్పెయిన్‌కు వెళ్లేవారు బార్సెలోనాలో దిగి, రైల్లో ముప్పావుగంట లోపే చేరగల సిట్జెస్ అనే సముద్రతీరపు ఊళ్లో నాలుగు రోజులు ఉండటం, జూలై ఆగస్టు ఎండలు తప్పించి సెప్టెంబరు పెట్టుకోవడం మేలు. జపాన్‌లో దేశవ్యాప్త వివాహ హక్కు లేదు, నేరమూ కాదు. టోక్యోలో గే బార్లకు పేరుపడ్డ షింజుకు నిచోమే వీధులు సరదాగా ఉంటాయి. బహిరంగంగా చేతులు పట్టుకోవడం అక్కడ ఆడామగా జంటలే తక్కువగా చేస్తారు కాబట్టి, గుంభనంగా ఉండే స్వభావం ఉన్నవారికి ఆ దేశం బాగా నప్పుతుంది.

చోటు ఖాయమయ్యాక మిగిలేవి కాగితాలు. కుటుంబ బీమా పాలసీలో భాగస్వామిని చేర్చుకోవడం కష్టం కాబట్టి ఎవరి ప్రయాణ బీమా వారు తీసుకుని, నామినీగా, అత్యవసర సంప్రదింపుగా ఒకరి పేరు ఒకరు రాసుకోవడానికి ప్రయత్నించాలి. బ్యాంకుల్లో ఉమ్మడి ఖాతాకూ భాగస్వామిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది, కనుక ప్రయాణ ఖర్చులకు ఆ ఖాతా పనికొస్తుంది. ఆసుపత్రి పాలైతే తన తరఫున ఎవరితో మాట్లాడాలో ఇంగ్లీషులో రాసి సంతకం చేసిన కాగితం ఇద్దరి సంచుల్లోనూ ఉండాలి. హెచ్‌ఐవీ మందులైనా, దాని నివారణకు వేసుకునే మాత్రలైనా డాక్టరు చీటీతో, అసలు డబ్బాలోనే, చేతి సంచిలో పెట్టుకోవాలి. దారిలోని దేశం ఏ మందులను నిషేధించిందో కూడా చూసుకోవాలి. రద్దు చేసుకోగల టికెట్టుకు కొంచెం ఎక్కువ పెట్టి, చట్టాల సంగతి బుకింగు రోజున ఒకసారి, బయలుదేరే ముందు వారంలో మరొకసారి చూసుకోవాలి.